గొర్రెల డాక్టరు సొంత బిడ్డకు చేసిన వైద్యం

మా బంట్వారం దిక్కు ఏ గొర్రె తుమ్మినా నన్నే పిలుస్తారు. గొర్రెల డాక్టరంటారు. చదువు లేదు, సూది లేదు, నోరు మాత్రం ఉంది. అంతటి డాక్టరు కన్నబిడ్డకు వైద్యం చేస్తే ఇల్లు ఏమైపోతుందో చెబుతాను, వినండి. మీరు నవ్వండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం ఇప్పటికీ సరిగ్గా నవ్వు రాదు.

అప్పుడు మా అంజలికి ఆరేళ్లు. ఒక చలికాలం దాని మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం ఎండిపోయి ఎర్రబడింది. పిల్ల ఒకటే గోక్కోవడం. నేను గడప మీద కూర్చున్న చోటి నుంచే కళ్లు చికిలించి రోగం తేల్చేశాను.

"గజ్జి!"

"జర దగ్గరికి పోయి చూస్తే నీ సొమ్మేం పోతది?" అంది నా భార్య కవిత.

"గిట్లాంటియి ఎన్ని సూడలే! నాకే చెప్తున్నవా?"

"గవి గొర్రెలయ్యా. గిది పిల్ల."

"ఏదైతేంది, తోలు తోలే గదనే!"

ఈ ఒక్క మాటకు నన్ను ఊరి చౌరస్తాలో నిలబెట్టి తన్నినా తప్పు లేదు.

గజ్జి పట్టిన గొర్రెను నేను ముందు వేడి వేపనీళ్లతో రుద్ది కడుగుతాను. తర్వాత మంద నుంచి వేరుచేసి కట్టేస్తాను. అప్పటికీ తగ్గకపోతే తాండూరు అంగడికి తోలి అమ్మేస్తాను. అంతకు నెల ముందే అంజలి ముద్దుగా పెంచుకున్న చుక్కగొర్రె అలాగే పోయింది. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు.

సరే, వైద్యం మొదలైంది. పొగలు కక్కే వేపనీళ్లు, బట్టల సబ్బు, బీరపీచు.

"మండుతుంది నాయినా!"

"మండితెనే పురుగు సస్తది బిడ్డా. ఊకో."

పురుగూ లేదు, పుట్రా లేదు. చచ్చినంత పనైంది పిల్లకే. వణుకుతున్న ఒంటి మీద మా అమ్మ దాచిన గొంగడి కప్పాను. మా కురుమ ఇళ్లలో గొంగడి ఉంటే చలికీ వానకూ భయం లేదు. కానీ ఆ గరుకు ఉన్నికి బదులు పల్లేరుకాయల మీద పడుకోబెట్టినా నయంగా ఉండేదని నాకేం తెలుసు? ఇక తమ్ముడికి అంటుకుంటుందని దాని పక్క వేరే అర్రలో వేయించాను. కంచం వేరు, చెంబు వేరు. మూడేళ్ల పిల్లాడు అక్కా అంటూ పోతే, "దూరం పో తమ్మీ, నాకు గజ్జి" అని అదే గోడకు జరిగేది. ఆ మాట విని నేనేమనుకున్నానో తెలుసా? 'పిల్లకు తెలివి బాగుంది' అనుకున్నాను. థూ, నా తెలివి!

ఐదో నాటికి గోకిన చోటల్లా పుండ్లు పడి పసుపుపచ్చటి నీరు కారింది, జ్వరం కాసింది.

"నీ డాక్టరీ సాలు. బస్సెక్కుతవా, నన్నొక్కదాన్నే పొమ్మంటవా?" అంది కవిత. ఎక్కాను.

తాండూరు బస్సులో దారిపొడుగునా వాగే పిల్ల ఆ రోజు రెండు చేతులతో సీటు కడ్డీ పట్టుకుని బిగుసుకుపోయింది. జ్వరమనుకున్నాను. తాండూరులో "దిగు బిడ్డా" అంటే "నేను రాను" అని ఒకటే ఏడుపు. వేళ్లు ఒక్కొక్కటే విడిపించి ఎత్తుకుపోయాం.

చర్మాల డాక్టరమ్మ పుండ్లు చూసి, "ఏం చేసిన్రు?" అని అడిగింది. వేపనీళ్లు, సబ్బు, పీచు, గొంగడి. నేను ఒక్కొక్కటి చెప్పేకొద్దీ ఆమె మొహం నల్లబడింది.

"గొంగడి గూడ మందేనా?"

"గొర్రెలకు..." అని నసిగాను.

"ఇది గజ్జి కాదయ్యా, ఎగ్జిమా. చర్మం ఎండిపోయి దురద పెడతది. వేడినీళ్లు, రుద్దుడు, ఉన్ని, ఇవి పడవు. గోకిన కాడ పుండై చీము పట్టింది, దానికి మందులు రాస్త. మళ్లీ మళ్లీ వస్తది, కానీ అదుపుల పెట్టుకోవచ్చు. గోరువెచ్చటి నీళ్లు జల్ది పోసి, బట్టతో మెల్లగ అద్ది, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ పూయిన్రి. నూలు బట్టలెయ్యిన్రి, గోర్లు తియ్యిన్రి. షాపుల అడిగి ఏ ట్యూబు పడితే అది తేవొద్దు. ఇట్ల నీరు కారినా, జ్వరమొచ్చినా ఆ రోజే రావాలె."

"పిల్లగానికి అంటుకోదా అమ్మా?"

"అంటదు. ఇద్దర్ని ఒక్క కాడనే పండుకోబెట్టుకోన్రి."

తల్లి భుజంలో దాక్కున్న అంజలి మెల్లగా నా వైపు తిరిగింది.

"అయితే నన్ను అంగట్ల అమ్మవా నాయినా?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకైంది. వేపనీళ్లతో కడిగాను. వేరే కట్టేశాను. తగ్గలేదని తాండూరు బస్సెక్కించాను. చుక్కగొర్రె పోయిన దారినే తననూ తోలుకొస్తున్నానని నా బిడ్డ ఆ బస్సులో దారంతా అనుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మ ముందే వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడది పదో తరగతి. చలికాలం దురద ఇంకా వస్తుంది. అది క్రీము రాసుకునేటప్పుడు నేను తొంగిచూస్తే, "మే..." అని అరుస్తుంది. ఇంటిల్లిపాదీ నవ్వుతారు, నేనూ నవ్వినట్టు చేస్తాను.

కనుక మా మందంతా సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇక మా ఇంట్లో ఎవరు గోక్కున్నా నోరు మూసుకుని ఆసుపత్రికి పోతాను. తోలు తోలే అని కలలో కూడా అనను. తాండూరు బస్సులో, ఎక్కింది మొదలు దిగేదాకా, అంజలి చేయి వదలను. "ఇడువు నాయినా, అందరు చూస్తున్నరు" అంటుంది. చూడనీ. విడవను.