బూడిద మీద అరచేయి

కందిపప్పు సంచి విప్పగానే ముక్కుకు తగిలే వాసన, ఎండకు కాగిన నేలనూ పచ్చిగింజనూ కలిపి నలిపినట్టుండే ఆ వాసన నాకెంత ఇష్టమో, దాన్ని నమ్మడం అంత కష్టం. వికారాబాదులో మా వీధి చివర కిరాణా దుకాణంలో అసలు సిసలు తాండూరు కంది అని అచ్చేసిన సంచులు వరుసగా నిలబడి ఉంటాయి. మొన్న ఒకటి తెచ్చి, గుప్పెడు పప్పు గాజుగ్లాసులో వేసి, నీళ్ళు పోసి కిటికీలో పెట్టి, రంగు దిగుతుందేమోనని అరగంట కాపలా కాశాను. "పప్పును గూడ ఠాణాల వెట్టి అడుగుతవా?" అని మా ఆయన నవ్వాడు. నవ్వనీ. అనుమానం నాకు పుట్టుకతో రాలేదు, నేర్పితే వచ్చింది. నేర్పింది మా నాయనమ్మ, మేము అవ్వ అని పిలిచే మనిషి. ఏమీ పారేయకుండా బతకడం ఎలాగో, ఎవరినీ నమ్మకుండా బతకడం ఎలాగో ఆమె ఒకే బడిలో, ఒకే బెత్తంతో చెప్పింది.

తాండూరులో రైలుపట్టాలకు ఇవతల మా ఇల్లు. నాయిన బండల పాలిషింగ్ కార్ఖానాలో పనిచేసేవాడు. అక్కడ మూలలు విరిగి అమ్ముడుపోని నాపరాతి ముక్కలను సైకిల్ వెనక కట్టుకుని ఒక్కొక్కటే తెచ్చి, ఏళ్ళ తరబడి మా ఇంటి నేల పరిచాడు. అందుకని మా నేల ఒకచోట నీలం, ఒకచోట పసుపు, పొయ్యి దగ్గర బూడిదరంగుగా ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు మేము బట్టలేమీ పరుచుకోకుండా ఆ చల్లటి బండల మీద బోర్లా పడుకుంటే, కడుపు మీద అతుకుల గీతలు పడేవి. నాయిన పని నుంచి రాగానే అవ్వ ఆయన అంగీని గోనెపట్టా మీద దులిపించి, రాలిన తెల్లటి రాతిపొడిని కొబ్బరిచిప్పలోకి ఎత్తిపెట్టేది. మా ఇత్తడి గిన్నెలు ఆ పొడితోనే తళతళలాడేవి. ఇరుగుపొరుగు కొంచెం పొడి అడిగితే ఇచ్చేది గానీ, వాళ్ళు వెళ్ళాక చిప్పలోకి తొంగి చూసేది.

ఆమె పొదుపు అంతా ఇలాగే సగం చేత్తో, సగం కంటితో నడిచేది. ఒంటిసబ్బును దారంతో మూడు ముక్కలు కోసి, రెండు ముక్కలు దూలం సందులో దాచి, బయట పెట్టిన ముక్క మీద సూదితో గీత గీసేది. నూనెసీసా వెనక బొగ్గుతో గుర్తు పెట్టేది. సీసా ఖాళీ అయ్యాక గిన్నె మీద తలకిందులుగా నిలబెట్టి, చివరి బొట్టు పడేదాకా అటువైపు ఎవరినీ పోనిచ్చేది కాదు. బీరకాయ పొట్టు పచ్చడికి, బియ్యం కడిగిన నీళ్ళు ఎదురింటి బర్రెకు, పాతచీరలు బొంతకు, నా నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు దబ్బనంతో కుట్టి వచ్చే ఏడాది తరగతికి పోయేవి. అగ్గిపుల్ల గీయడం ఇంట్లో పండుగ లాంటిది. పక్కింటి పొయ్యిలో నిప్పున్నంతకాలం మా ఇంట్లో పుల్ల గీసిన పాపాన పోలేదు.

ఎండాకాలంలో చింతపండు కొట్టేవాళ్ళం. చేతులు జిగటగా, పెదాలు పుల్లగా ఉండేవి, వాకిలంతా పెంకులతో గలగలలాడేది. గింజలను అవ్వ నాకూ వీధి పిల్లలకూ ఆడుకోవడానికి అప్పుగా ఇచ్చేది. బండ మీద కుప్పపోసి ఊది, చెదిరినవాటిని పక్క గింజ కదలకుండా ఏరుకునే ఆట అది. ఆట అయిపోయాక మా పిడికిళ్ళు విప్పించి, వేళ్ళ సందులు కూడా చూసి గింజలు వెనక్కు తీసుకునేది. బెల్లం తగ్గిందనిపిస్తే మమ్మల్ని అడగడం కూడా దండగే అనుకుని, చీమల బారు వెంట వంగి వంగి నడిచి, అది ఎవరి పక్కగుడ్డ దగ్గర ఆగిందో చూసేది. ఒకసారి ఆ బారు తాత దిండు కిందికి పోయింది. తాత వారం రోజులు వాకిట్లోనే కూర్చున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అంటారు కదా, అవ్వ దానికి తన మాట ఒకటి కలిపేది: "ఈశ్వరునికి మస్తు పనులుంటయ్. నేను పట్టుకుంట."

ఇంటికంతటికీ గట్టి కాపలా మాత్రం కందిపప్పుకే. కొత్త కందులు రాగానే విసిరి, చెరిగి, పెద్ద మట్టికాగులో పోసేవారు. ఉగాదికి పోలెలు, అంటే బొబ్బట్లు, ఆ పప్పుతోనే, మరునాటి కట్టుచారు ఆ పప్పు ఉడికిన నీళ్ళతోనే. పోలె కన్నా రెండో రోజు ఎల్లిగడ్డ పోపు పడిన ఆ చారే నాకు పండుగ. పొద్దుగూకి దీపం పెట్టాక అవ్వ మరునాటికి కావలసిన పప్పు తనే తీసి, మిగిలింది సమంగా సర్ది, పురుగు పట్టకుండా పైన జల్లెడ పట్టిన బూడిద చల్లి, ఆ మెత్తటి బూడిద మీద తన కుడి అరచేయి అద్ది మూత పెట్టేది. పొద్దున లేవగానే మూత తీసి, ఆ అచ్చులో తన చేయి పెట్టి చూసుకునేది. ఐదు వేళ్ళూ కుదిరితే ఇల్లు క్షేమం. ఆ తర్వాతే ముఖం కడుక్కునేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, చలికాలం చివర్లో ఒక పొద్దున, వేళ్ళు కుదరలేదు. అవ్వ పుట్టిల్లు కాగ్నా నదికి అవతల కన్నడం మాట్లాడే ఊరు. కోపం ముదిరితే నోట్లోంచి ఆ మాటే వచ్చేది. "యార్ తగొండ్రు?" అని, ఎవరు తీశారని, కాగు ముందు నిలబడి అరిచింది. మరునాడు కూడా కుదరలేదు. మూడోనాడు అందరినీ పిలిచి అచ్చు చూపించింది. తన వేళ్ళు అందులో పట్టడం లేదు, అంచుల మీద బూడిద నలుగుతోంది. అంటే ఎవరో రాత్రిపూట పప్పు తీసి, మళ్ళీ బూడిద సర్ది, తమ చేయి అద్దారన్నమాట. అది తన చేయి కన్నా సన్నటి చేయి. పప్పు తగ్గిందని కూడా అంది. రోజూ తింటుంటే తగ్గదా అని అడిగే ధైర్యం నాయినకే లేదు, ఇక మాకెక్కడిది.

"సుశీలా, నీ చెయ్యి వెట్టు" అంది మా అమ్మతో.

అమ్మ పెట్టింది. కొలిచి కుట్టినట్టు కుదిరింది.

ఆ ముందు వారమే అమ్మ పుట్టినూరు కుల్కచర్ల నుంచి మా మేనమామ సంచెడు అనపకాయలు తెచ్చి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళాడు. ఆ సంచి ఖాళీగా పోలేదని అవ్వకు ఇప్పుడు తోచింది. ఆమె నావైపు తిరిగింది. చిన్నపిల్లల కండ్లు అబద్ధం చూడవని, కాగు మీద ఒక కన్నేసి ఉంచమని, చూసింది చూసినట్టు చెబితే బెల్లం ముక్క ఇస్తానని నాకు రెండు రోజుల ముందే చెప్పి పెట్టింది. "మీ అమ్మ కాగు మూత తీసిందా, లేదా? ఒక్క ముచ్చట జెప్పు."

తీసింది. నేను చూశాను. చెడగొట్టు వాన పడిన తెల్లవారుజామున, పెంకుల సందుల్లోంచి మూత మీద నీళ్ళు కారుతుంటే, అమ్మ మూత తీసి కొంగుతో తుడిచి, వెంటనే పెట్టేసింది. లోపల చేయి పెట్టలేదు. అదంతా చెప్పాలంటే పెద్ద కథ. అవ్వ అడిగింది ఒక్క ముచ్చట. పైగా బెల్లం ముక్క ఆమె ఎడమచేతిలో కనిపిస్తూనే ఉంది.

"తీసింది" అన్నాను.

అమ్మ నన్ను తిట్టలేదు. నాయినవైపు చూసింది. నాయిన తన అంగీ మీద లేని రాతిపొడిని దులుపుకున్నాడు. అమ్మ చేతికంటిన బూడిద కడుక్కోకుండానే లోపలికి పోయి, రెండు చీరలు మూట కట్టుకుంది. "ఈ చేతికి దొంగ పేరు వెట్టిన్రు. ఇగ ఈ చేతి వంట మీరెట్ల తింటరు?" అని అవ్వతో అని, కుల్కచర్ల పోవడానికి బస్టాండుకు నడిచింది. నాకు పరీక్షలున్నాయని నన్ను తీసుకుపోలేదు. నేను మాత్రం పరీక్షల వల్ల కాదు, ఆ ఒక్క మాట వల్లే వదిలేసిందని నమ్మాను. బెల్లం ముక్క ఆ పూట తినేశాను, తిన్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

అమ్మ వెళ్ళిపోయాక ఇంట్లో భయం ఎక్కువైంది. ఎందుకంటే దొంగ పోయినా ముద్ర కుదరలేదు. పొద్దున్నే మూత తీసిన చప్పుడు వినబడేది, కాసేపటికి మళ్ళీ పెట్టిన చప్పుడు. అవ్వ అరవడం మానేసి మా చేతులు చూడటం మొదలుపెట్టింది. అన్నం తింటుంటే తాత వేళ్ళు, పలక పట్టుకుంటే నా వేళ్ళు, సైకిల్ తుడుస్తుంటే నాయిన వేళ్ళు. నేనూ ఆమె కంటితోనే చూడటం నేర్చుకున్నాను. తాత అంత పొద్దున ఎందుకు లేస్తాడు? నాయిన జేబు ఎందుకు ఉబ్బుగా ఉంది? ఒకరోజు ఆ జేబులో చేయి పెట్టి చూశాను, తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ లేదు. పొద్దుటి పూట అవ్వ కొట్టే జొన్నరొట్టెలు అంచులు చీలి, పెనం మీద వేయబోతే ముక్కలయ్యేవి. పిండి ఆడించే గిర్నివాడు పాతజొన్నలు కలిపాడని అక్కడికి పోయి వాడితో పోట్లాడి వచ్చింది. రొట్టె ఎందుకు విరుగుతుందో చూడటానికి ఆమె పిండిని చూసింది, పెనాన్ని చూసింది, గిర్నివాణ్ణి చూసింది. రొట్టె కొట్టే చేతిని చూడలేదు.

ఉగాదికి రెండు రోజుల ముందు, పొద్దున్నే గాజుల ఖాసింబీ వచ్చింది. ప్రతి ఏడూ వచ్చి వాకిట్లో గాజుల మూట, మలారం, దించి, మా ఇంటి ఆడవాళ్ళందరి చేతులకూ గాజులు ఎక్కించే మనిషి. అవ్వ చేయి పట్టుకుని, ఎప్పటి సైజు ఆకుపచ్చ గాజు ఎక్కించబోతే బొటనవేలి ఎముక దగ్గరే ఆగిపోయింది.

"పండుగ పూట గాజులు గూడ చిన్నగ జేసి అమ్ముతున్నవా?" అంది అవ్వ.

ఖాసింబీకి కోపం రాలేదు. ఆ చేతిని తిప్పి, కణుపులు ఒక్కొక్కటీ ఒత్తి చూసింది. "అరె అక్కా, నీ చెయ్యి నాకెరుక లేదా? నీకూ నీ కోడలికీ ఒక్కటే సైజు, పదేండ్ల సంది ఒక్క కట్టలకెల్లే దీసి ఇద్దరికీ ఏస్తున్న. నీ చెయ్యి వాసింది. మా అమ్మకు గూడ గిట్లనే ఉండె, పొద్దుగాల వాసి, మాపటికి దిగేది. పరేషాన్ గాకు, మాపటికి మళ్ళొస్త." తర్వాత ఇంట్లోకి చూసి, "సుశీల ఏది?" అంది. అవ్వ తన చేయి వెనక్కు లాక్కుంది.

సాయంత్రం వచ్చి అవే గాజులు ఎక్కించింది. సబ్బునురగ కూడా అవసరం పడలేదు. ఆమె వెళ్ళాక అవ్వ దీపం పెట్టి, పప్పు తీసి, బూడిద చల్లి, గాజుల చేయి అద్దింది. తెల్లవారి నేను కూడా ఆమె వెనకే లేచి వెళ్ళాను. అవ్వ వాసి ముద్దలైన తన వేళ్ళను ఆ అచ్చులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి ఆ బూడిదనంతా చేత్తో చెరిపేసింది. "పోరీ, అంగీ ఏస్కో, మీ అమ్మ తానికి పోదాం" అంది.

రెండు బస్సులు మారాం. పరిగి దాటాక, కిటికీలోంచి వేడిగాలి కొడుతుంటే, నేనిక కడుపులో దాచుకోలేక చెప్పేశాను. "అవ్వా, అమ్మ మూత మీది నీళ్ళు తుడిచింది, గంతే. లోపల చెయ్యి వెట్టలే."

"మరి అప్పుడే ఎందుకు జెప్పలే?"

"తీసిందా లేదా అని అడిగినవ్. ఎందుకు తీసిందని నువ్వడగలే."

అవ్వ కిటికీవైపు తిరిగింది.

అమ్మ వాకిట్లో పల్లీలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది గానీ రమ్మనలేదు. అవ్వ ఆమె ముందుకు పోయి, అమ్మమ్మ, మేనమామ చూస్తుండగానే, రెండు చేతులూ ముందుకు చాపింది. "పొద్దుగాల జూడాలె వీటిని, సుశీలా. ముద్ర నాదే. కుదరని చెయ్యి గూడ నాదే. నిన్ను ఉత్తపుణ్యానికి దొంగను జేసిన" అని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి, అదే చివరిసారి. నాకు సిగ్గేసింది, భయమేసింది, అమ్మను పోయి పట్టుకోవాలనిపించింది, పట్టుకునే హక్కు ఉందో లేదో తెలియలేదు. అమ్మ కాసేపు ఆ చేతులను చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి ఆముదం వెచ్చచేసి తెచ్చి, అవ్వను గడప మీద కూర్చోబెట్టి, ఒక్కొక్క కణుపూ రుద్దింది. మరునాడు ముగ్గురం కలిసి తాండూరు వచ్చాం. ఆ ఉగాదికి పోలెలు ఆలస్యంగా అయ్యాయి గానీ అయ్యాయి. కాగు మీద ముద్ర వేయడం ఇక ఎప్పుడూ చూడలేదు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఇప్పుడు అవ్వ లేదు, తాత లేడు. విసుర్రాయి, కాగు, సబ్బుముక్కను కోసే దారం, పక్కింటి నుంచి నిప్పు తెచ్చే గరిటె ఏవీ లేవు. మలారం మోసుకుని వీధులు తిరిగే ఖాసింబీ లాంటివాళ్ళు లేరు, మా చేయి ఎంతుంటుందో తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కరూ లేరు. చిన్న ముక్కయిన సబ్బును నేనే పారేస్తాను, పారేసి కాసేపు దానివైపు చూస్తాను. నాయిన పోయాక అమ్మ వికారాబాదులో మా దగ్గరే ఉంటోంది. నా వంటింట్లో స్టీలు డబ్బాలు వరుసగా ఉంటాయి, దేనికీ తాళం లేదు, ముద్ర లేదు. అయినా అమ్మ ఏ డబ్బా మూత తీయాలన్నా ముందు గట్టిగా పిలుస్తుంది. "బిడ్డా, పప్పు డబ్బ తీస్తున్న." "బిడ్డా, చక్కెర డబ్బ తీస్తున్న." నేను స్నానంలో ఉన్నా, ఫోనులో ఉన్నా, పిలిచి, జవాబు వచ్చేదాకా ఆగి, అప్పుడే తీస్తుంది.

చాలా ఏళ్ళు అది వయసు చాదస్తం అనుకున్నాను. మొన్న విసుగొచ్చి, "అమ్మా, ఇది నా ఇల్లు. నిన్నిక్కడ ఎవరు అనుమానిస్తరు? నన్నెందుకు పిలుస్తవ్?" అని గట్టిగానే అన్నాను.

అమ్మ మూత మీద చేయి అలాగే ఉంచి, కోపం లేకుండా, ఎప్పటినుంచో తయారుగా ఉన్న మాటలా చెప్పింది. "అప్పుడు చూసింది నువ్వే గద బిడ్డా. చూసినదాంట్ల సగమే జెప్పినవ్. అందుకే పూరా జూడమని పిలుస్తున్న."

అప్పటి నుంచి ఆమె పిలిస్తే జవాబిచ్చి ఊరుకోవడం లేదు. చేతిలో పని వదిలేసి వంటింటి గుమ్మంలోకి వెళ్ళి, ఆమె పప్పు తీసుకుని మూత మళ్ళీ పెట్టేదాకా నిలబడి చూస్తాను.