అత్త ముంజేతి మీది పేరు

చాలా ఏళ్ల తర్వాత మొన్న జాతరకు మహారాష్ట్రలోని సిరోంచ వెళ్లాను. వేడి మిర్చీలు తింటూ, రంగులరాట్నం చూస్తూ హాయిగా తిరుగుతుంటే పచ్చబొట్ల మిషన్ గుయ్యిమన్న చప్పుడు వినిపించింది. తింటున్న మిర్చీ పక్కన పెట్టేశాను.

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు ఇదే జాతరలో మా చిన్నత్త పచ్చబొట్టు పొడిపించుకుంది. ఎవరో రాసిచ్చిన చీటీ చూపించి, ముంజేతి మీద మరాఠీలో మూడక్షరాలు వేయించుకుంది. ఇంటికొచ్చాక రాముని పేరని చెప్పింది. తాత మురిసిపోయి ఆ చెయ్యి కళ్లకద్దుకున్నాడు. మా ఇంట్లో మరాఠీ చదవడం బడికెళ్లే నాకొక్కడికే వచ్చు, అదీ కూడబలుక్కుంటూ. చదివి చూసి, పాపం అత్త మోసపోయిందనుకున్నాను.

"తాతా, పచ్చబొట్టాయన తప్పు రాసిండే! రాముడు కాదు, రమేశ్ అని ఉన్నది!" అని గట్టిగా అరిచాను.

తాత చెయ్యి వదిలేశాడు. అత్త నావైపు చూసిన చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ నెలలోనే ఆమెను రేగుంట ఊరికిచ్చి పెళ్లి చేశారు. పెళ్లికి ముందే ఆ అక్షరాల మీద ఆకుల తీగ పొడిపించారు.

జాతర మర్నాడు రేగుంట వెళ్లి అడిగాను. "అత్తా, నా మీద కోపం లేదా?"

"కోపమేంది బిడ్డా? చిన్న పోరనివి, నీకేమెరుక?" అంది. ముంజేతి మీది ఆకుల తీగ తడుముకుంటూ, "గా పేరు పైకి చదివినోనివి నువ్వొక్కనివే" అంది.

అది నిష్ఠూరమో, ఆప్యాయతో తేల్చుకోలేక తల వంచుకున్నాను.