కూడిక చాప

సామర్లకోట దాటాక కాలవగట్టు పక్కన ఉన్న ఆ పేటలో శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూడిక ఉంటుంది. వారానికో ఇంట్లో. కూడికకి ఒక పెద్ద ప్లాస్టిక్ చాప, ఒక డోలక్ ఉన్నాయి. ఎవరింట్లో కూడిక అయితే ఆ వారమంతా అవి వాళ్ళింట్లోనే ఉంటాయి. మళ్ళీ శుక్రవారం పొద్దున్నే తరవాతి ఇంటివాళ్ళొచ్చి పట్టుకెళ్తారు. వరస తప్పదు. ఒక్క తబిత ఇంటి దగ్గరే తప్పుతోంది.

డోలక్ వాయించేది తబిత మొగుడు అచ్చిబాబే. ఆయన పోయాక చాప సూర్యకళ ఇంట్లోంచి బయల్దేరి, తబిత గుమ్మం ముందునుంచే రమేష్ బాబు ఇంటికి వెళ్ళిపోతోంది. రమేష్ బాబు సంఘపెద్ద. "పాపం, పిల్లాజెల్లా లేని ఒంటరి మనిషి. అంతమందికి టీలూ టిఫిన్లూ ఎక్కడ చేస్తుంది? ఇబ్బంది పెట్టొద్దు" అన్నాడు. అందరూ తలూపారు. తబిత అంగన్‌వాడీలో ఆయా. రోజూ పిల్లలందరికీ వండి పెట్టేది ఆవిడే. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆవిణ్ణి అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. జాలిపడితే చాలు, పనైపోయిందనుకుంటారు జనం.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి దగ్గర "వందనాలండీ, బావున్నారా?" అంటారు. జవాబు వినకుండానే చెప్పులేసుకుంటారు. ఇంటికొచ్చి తబిత ఆ వారం బైబిలు వాక్యం పైకే చదువుకుంటుంది. అచ్చిబాబుకి అలా వినడం ఇష్టం. చదవడం అయ్యాక మంచం వైపునుంచి ఆమెన్ వినపడుతుందేమోనని ఒక్క క్షణం ఆగుతుంది. వినపడదు. తనే అనుకుంటుంది.

ఆ శుక్రవారం సూర్యకళ ఇంట్లో కూడిక. ఇంటివాళ్ళే వాక్యం చదవడం అక్కడి ఆనవాయితీ. కోనేటి పక్కన ఏళ్ళ తరబడి పడున్న రోగి కథ చదివింది సూర్యకళ. ఆ నీళ్ళు కదిలినప్పుడు ముందు దిగినవాడికి రోగం పోతుంది. నన్ను నీళ్ళలో దించేవాడు ఎవడూ లేడయ్యా అన్నాడతను. లేచి, పరుపెత్తుకుని నడవమన్నాడు ప్రభువు. నడిచాడు.

"దీన్లో మీకేం అర్థమైంది?" అన్నారు పాస్టరు డేనియల్ అయ్యగారు.

"విశ్వాసం ఉండాలండి" అన్నాడు రమేష్ బాబు. ఎప్పుడూ అదే అంటాడు.

ఎన్నడూ నోరెత్తని తబిత గొంతు సవరించుకుంది. "ఒక్క డౌటండి అయ్యగారూ. అన్నేళ్ళు అక్కడే పడున్నాడు కదండి. చుట్టూ బోలెడుమంది. రోజూ చూసే ఉంటారు, పాపం అనే ఉంటారు. ఒక్కళ్ళూ చెయ్యి వెయ్యలేదేంటండి?"

"అంటే... వాళ్ళూ రోగులే కదమ్మా."

"అందరూనాండి?"

లోపల కుక్కరు కూతేసింది. రమేష్ బాబు గబగబా ముగింపు ప్రార్థన ఎత్తుకున్నాడు.

జనం లేచి ఉప్మా ప్లేట్ల వైపు కదిలారో లేదో, తబిత వంగి చాప చుట్టడం మొదలెట్టింది.

"అదేంటక్కా?" అంది సూర్యకళ.

"వచ్చేవారం మా ఇంట్లో."

"నీకెందుకు తబితమ్మా శ్రమ? ఒక్కదానివి..." అన్నాడు రమేష్ బాబు.

"ఒక్కదాన్నే అన్నయ్యగారూ. అందుకే పట్టుకెళ్తున్నాను."

"అయ్యబాబోయ్! పరుపెత్తుకోమంటే మా అక్క చాపెత్తుకుంది!" అంది సూర్యకళ. ఇల్లంతా గొల్లుమంది. తబితా నవ్వింది. చాప మాత్రం వదల్లేదు. భుజాన చాప, చంకలో డోలక్ పెట్టుకుని ఇంటికి పోయింది.

వారమంతా ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. నవ్వులాటనుకున్నారా? శుక్రవారం తబిత పెద్ద గిన్నెలో ఉప్మా చేసింది. మంచం అడ్డమొస్తే ఒక్కతే ఈడ్చి వరండాలో పడేసింది. చాప పరిచింది. గదికి మించిన చాప. అంచు గోడమీదకి ఎక్కి కూర్చుంది.

వేళ దాటింది. ఉప్మా చల్లారింది. గుమ్మంలోకి రెండుసార్లు వెళ్ళి చూసొచ్చింది. ఇక రారనుకుంది. చాప మీద ఓ మూల కూర్చుని బైబిలు తెరిచి, ఖాళీ గదికి చదవడం మొదలెట్టింది.

బయట చెప్పుల చప్పుడు.

"ఆగక్కా! మేం రాకుండానే మొదలెట్టేశావేంటి?" సూర్యకళ. వెనకాల మిగతావాళ్ళు. చివర్లో తలొంచుకుని రమేష్ బాబు. మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. డోలక్ ముట్టుకోవడానికి అందరూ మొహమాటపడుతుంటే తబితే దాన్ని రమేష్ బాబు ఒళ్ళోకి తోసింది. దారుణంగా వాయించాడు. పాట ఒక దారి, డోలక్ ఒక దారి. ఎవరికీ పట్టలేదు.

తబిత వాక్యం చదివి ఆగింది. నాలుగు వైపులనుంచీ ఆమెన్ వచ్చింది. ఆవిడ పేజీ తిప్పడం మర్చిపోయింది.

ఉప్మా గిన్నె ఖాళీ చేసి, వెళ్ళొస్తామని వెళ్ళిపోయారు.

మర్నాడు అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి చాప అలాగే పరిచి ఉంది. చుట్టి మూలన పెడదామనుకుంది, పెట్టలేదు. మంచం కూడా లోపలికి తేలేదు. నిన్న జనం కూర్చున్న చోట్లు తొక్కకుండా గోడ వారగా నడిచి, నిన్న కూర్చున్న చోటే కూర్చుని వాక్యం చదువుకుంది. అయ్యాక కాసేపు ఆగింది.

తర్వాత తనే ఆమెన్ అంది.