తలుపు వెనక నా పార్ట్

మొన్న, అమెరికాలో మేమిప్పుడుంటున్న కమ్మింగ్ అనే ఊళ్ళో, మా ఇంటికి వయొలిన్ పాఠానికి వచ్చే అమ్మాయి, "ఆంటీ, మీరు క్వార్టెట్‌లో ఫస్ట్ వయొలినా, సెకండా?" అని అడిగింది. "రెండూ" అన్నాను. పిల్ల నమ్మలేదు. పాఠం చెప్పి పంపించేశాను గానీ, ఆ సాయంత్రం అదే ఆలోచిస్తూ పప్పు మాడబెట్టాను.

క్వార్టెట్ అంటే నలుగురు: రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా, నేలకి ఆనించి వాయించే చెల్లో. చాలా ఏళ్ల కిందట ఒక యూనివర్సిటీ మా నలుగురికీ కలిపి ఉద్యోగమిచ్చింది. పొద్దున్న సాధన, మధ్యాహ్నం స్టూడెంట్లకి పాఠాలు, అప్పుడప్పుడూ కచేరీలు. ఫస్ట్ వయొలిన్ మా పెద్దాయన. ఎండలోనూ స్వెటర్ విప్పని అమెరికన్. వయోలా, చెల్లో వాయించేది ఒక భార్యాభర్తల జంట. సికింద్రాబాద్‌లో చర్చి మాస్టారి దగ్గర నేర్చుకుని, ఇక్కడ మాస్టర్స్ చేసి సెకండ్ వయొలిన్ కుర్చీలో కూర్చున్నదాన్ని నేను. నా హెచ్‌వన్ వీసా ఆ కుర్చీ మీదే నిలబడింది. ఏళ్ల తరబడి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంటే, ఎవరికి జలుబు చేయబోతోందో కూడా ముందే తెలిసిపోతుంది. అందుకే ఒక చలికాలం నా వెనక ఏదో నడుస్తోందని ఇట్టే పసిగట్టాను.

నేను గదిలోకి వెళ్తే ఆ జంట మాటలు ఆపేసేవారు. ఏ కారణమూ చెప్పకుండా సాధన రద్దయ్యేది. పెద్దాయన ఒకరోజు సెకండ్ వయొలిన్ స్వరాలున్న నా పార్ట్ కాపీ అడిగి, ఎందుకని నేనంటే కిటికీలోంచి మంచు చూశాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, సాధన లేదన్న రోజునే, మా సాధన గది తలుపు వెనకనుంచి వయోలా, చెల్లో వినబడ్డాయి. వాటితోపాటు సెకండ్ వయొలిన్ కూడా. నా పార్ట్ ఎవరో వాయిస్తున్నారు, నాకన్నా మెత్తగా.

వేరే రాష్ట్రంలో, పార్సిప్పనీలో ఉద్యోగం చేస్తున్న మా ఆయనకి ఫోన్ చేశాను.

"నా కుర్చీకి ఎవరినో ఆడిషన్ చేస్తున్నారండీ."

"నువ్వు కంగారు పడకు. ముందు లాయర్‌తో మాట్లాడు. వీసా ట్రాన్స్‌ఫర్‌కి టైమ్ పడుతుంది" అన్నాడాయన. ఊరట కోసం చేస్తే భయం రెట్టింపైంది.

ఆ వారమంతా ముగ్గురినీ దొంగల్ని చూసినట్టు చూశాను. చెల్లో ఆవిడ కాఫీ తెచ్చిస్తే, తప్పు చేసిన మనిషి మర్యాద అనుకుని తాగకుండా పక్కన పెట్టేశాను. చివరికి, మళ్ళీ ఆ పార్ట్ వినబడిన రోజు ఆగలేక తలుపు తోసేశాను.

నా కుర్చీలో పెద్దాయన ఉన్నాడు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

ఆయన వయొలిన్ కమాను దించి, ఎడమచేతి చిటికెన వేలు చూపించాడు. కీలు వాచి వంకర తిరిగింది. "ఫస్ట్‌లో పై స్వరాలు అందడం లేదు. నీ పార్ట్ నా వల్ల అవుతుందో లేదో తెలిశాక నిన్ను అడుగుదామనుకున్నాను. ఫస్ట్ నువ్వు వాయిస్తావా?"

సంతోషించాలి కదా? నాకు ముందు వచ్చింది ఇంకో అనుమానం: ఇది జాలా, పరీక్షా? వారం రోజులు ఒప్పుకోలేదు. "మిమ్మల్ని లేపి నేనెలా కూర్చుంటాను?" అంటే, "నేనే లేచాను. నువ్వు చూశావుగా" అన్నాడు విసుగ్గా. ఆ విసుగు చూశాకే నమ్మకం కలిగింది.

వసంతంలో కుర్చీలు మారి కచేరీ చేశాం. నెమ్మదిగా సాగే భాగంలో నేను ఎత్తుకోవడం ఒక క్షణం ఆలస్యం చేశాను. పక్కనుంచి ఆయన అందరికీ వినబడేలా ఊపిరి తీసుకున్నాడు. నలుగురం ఆ ఊపిరి మీదే ముందుకు కదిలాం. రెండేళ్ళు అలా వాయించి ఆయన మానేశాడు. తర్వాత యూనివర్సిటీ కూడా క్వార్టెట్‌ని ఆపేసింది.

ఇప్పుడు ఆ సంవత్సరాలని తల్చుకుంటే కచేరీల కన్నా, ఆ చలికాలంలో తాగకుండా చల్లార్చేసిన కాఫీలే ముందు గుర్తొస్తాయి. కాలం అనుమానాలన్నీ తీర్చింది గానీ, వాటితో గడిపిన రోజుల్ని మాత్రం తిరిగివ్వకుండా తనే ఉంచేసుకుంది.