నాలుగింటి విచారణ

కోస్గి బస్టాండు ఎదుటి సందులో కంప్యూటర్లు బాగుచేసే దివాకర్‌కు ఏ వస్తువును చూసినా ముందు అనుమానం వస్తుంది. అది ఏ వస్తువో ఆ తర్వాత తీరిగ్గా తెలుసుకుంటాడు. యాభై నాలుగేళ్ల మనిషి, బట్టతల, ముక్కు చివరిదాకా జారిన కళ్లద్దాలు. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తింది మొదలు ఆయన పని ఒక్కటే. ఆన్‌లైన్ హర్రాజు సైట్లలో జనం అమ్మకానికి పెట్టే పాత కంప్యూటర్ సామాన్ల ఫోటోలను ఒక్కొక్కటే పెద్దగా చేసి చూసి, వాటిలో దొంగవి ఏవో పట్టుకోవడం. కొనడు, అమ్మడు. పట్టుకుంటాడు, అంతే.

ఈ సంగతి అందరికంటే ఎక్కువగా తెలిసింది పక్క మడిగెలో జిరాక్స్ సెంటర్ నడిపే కరుణకు. రెండు మడిగెల మధ్య గోడ అంటే గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. ఇవతల మిషన్ మూలిగితే అవతలి నుంచి "టోనర్ అయిపోయింది చెల్లె" అని వినిపిస్తుంది. అవతల దివాకర్ ఫోన్లో ఎవరినైనా నిలదీస్తే ఇవతల కరుణ జిరాక్సుల లెక్క తప్పుతుంది.

"ఎనుక దిక్కు ఫోటో ఏది?" ఇది ఆయన మొదటి ప్రశ్న. అమ్మేవాళ్లు ముందు భాగమే చూపిస్తారని, అసలు గుట్టంతా వెనుక ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. ఒకసారి గుంటూరు మనిషి ఎవరో హార్డ్ డిస్క్ పెట్టాడు. దివాకర్ వెంటనే ఫోన్ కలిపాడు.

"అన్నా, హర్రాజుకు డిస్కు పెట్టినవ్ గద. ఎనుక దిక్కు ఫోటో ఏది?"

"వెనకాల ఏముంటుందండీ, ఖాళీగా ఉంటుంది."

"ఖాళీగ ఉంటె ఫోటో తీస్తందుకు భయమెందుకు?"

"భయమేంటండీ బాబూ!"

"మరి బరువెంత?"

"బరువా?"

"లోపలి డిస్కు తీసేసి ఇనుప నట్లు నింపెటోళ్లు ఉన్నరు. పక్కన కిరాణ దుకాణం ఉంటె పొయ్యి తూకం ఏపిచ్చి చెప్పు. నేను లైన్ల ఉంట."

ఆ మనిషి తూకానికి పోయాడో, ఫోన్ బల్లమీద పడేసి అన్నానికి పోయాడో తెలియదు. దివాకర్ మాత్రం ముప్పావు గంట ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి ఆ ప్రకటన సైట్లోంచి మాయమైంది. దివాకర్ లేచి, రెండు చేతులూ దులుపుకుని, మళ్లీ కూర్చున్నాడు.

ఇట్లా నిలదీయించుకున్నవాళ్లంతా ఆయన నంబరును బ్లాక్ చేసేస్తారు. అప్పుడు ప్లైవుడ్ మీద రెండుసార్లు తట్టి "చెల్లె, జర నీ ఫోన్" అంటాడు. కరుణ ఇస్తుంది. అందువల్ల జన్మలో రెండుసార్లు మాత్రమే హైదరాబాద్ చూసిన కరుణను ఈ దేశంలో పదకొండు పట్నాలలో బ్లాక్ చేసి పెట్టారు.

పోనీ, ఈ అనుమానం కంప్యూటర్లతో ఆగుతుందా అంటే ఆగదు. పుచ్చకాయల బండి దగ్గర నిలబడితే ప్రతి కాయనూ తిరగేయిస్తాడు. బండి మనిషి ఎల్లేశం ఆయన్ని దూరాన చూడగానే కాయల మీద గోనెపట్ట కప్పేస్తాడు. ఎవరి పెళ్లికో పోయి, కానుకగా వచ్చిన మిక్సీ డబ్బా చూసి "గీ సీలు ఇప్పి మల్ల అంటిచ్చిన్రు" అన్నాడు. ఆ మిక్సీ పెట్టింది పెళ్లికొడుకు మేనమామ. అప్పటి నుంచి ఆ సందులో పెళ్లి కార్డులు పంచేవాళ్లు కరుణ మడిగెకు వచ్చి, దివాకర్ మడిగెను దాటేసి, అవతలి టైలరు దగ్గరికి పోతారు.

ఆయన పెళ్లి సంగతీ ఇంతే. ముప్పై ఏళ్లప్పుడు మేనత్త హనుమమ్మ రెండు సంబంధాల ఫోటోలు తెచ్చింది. దివాకర్ రెండింటినీ పక్కపక్కన పెట్టి గంటసేపు చూశాడు.

"అత్తా, ఇద్దరి ఎనుక ఒకటే పరద ఉన్నది. ఒకటే పూలకుండి ఉన్నది. ఎవలో ఒకలు ఫోటో దొంగతనం చేసిన్రు."

"ఓరి పిచ్చోడా! మనూళ్ల ఉన్నదే ఒక్క స్టూడియో గదరా!"

హనుమమ్మ ఫోటోలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. ఆమె మళ్లీ ఏ సంబంధమూ తేలేదు.

ఒక్క నారాయణపేటలో మాత్రం ఆయనకు గౌరవం దక్కింది. కరుణ చీర కొనుక్కోవడానికి పోతూ, పాపమని వెంట తీసుకుపోయింది. దివాకర్ చీరను తిరగేసి అంచు వెనుక భాగాన్ని కళ్లద్దాలు తీసి, పెట్టి, మళ్లీ తీసి చూశాడు. కరుణ సిగ్గుతో చచ్చిపోయింది. నేత నేసే నరసింహ మాత్రం లేచి నిలబడ్డాడు. "చీర ఎనుక జూసెటోడు ఇన్నేండ్లకు వచ్చిండు. కూసోండ్రి సార్, చాయ్ తాగుండ్రి" అన్నాడు. ఆ చాయ్ గురించి దివాకర్ ఆరు నెలలు చెప్పాడు. చాయ్ రుచి గురించి కాదు, కూర్చోమన్నారని.

నవ్వుకోవడానికి ఇదంతా బాగానే ఉంటుంది. కానీ ఊళ్లో కంప్యూటర్లు చెడిపోవడం మానేశాయి, అందరి పనీ ఫోన్లలోనే అయిపోతోంది. దివాకర్ మడిగె మెట్టు ఎక్కే మనిషి వారానికొకడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన టిఫిన్ డబ్బా మూత తీసిన చప్పుడు ఇవతలికి వినిపిస్తుంది. అప్పుడే కరుణ కూడా తన డబ్బా మూత తీస్తుంది. ఆమె భర్త నెలకు ఇరవై రోజులు లారీ మీద ఉంటాడు, కూతురు మమత షాద్‌నగర్‌లో గురుకులం హాస్టల్లో ఉంటుంది. చెక్కకు ఇటొకరు, అటొకరు కూర్చుని ఏడేళ్లుగా తింటున్నారు. కలిసి తిందామని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. ఎందుకనలేదంటే చెప్పడానికి కారణమేమీ లేదు, అనలేదంతే.

దీపావళి దాటిన వారానికి షాద్‌నగర్ కేసు మొదలైంది.

"చెల్లె, చెల్లె! ఇటు రా! గిసొంటి దొంగ ప్రకటన నా జిందగీల సూడలె!"

కరుణ పోయి చూసింది. ఒక గ్రాఫిక్స్ కార్డు, అంటే కంప్యూటర్లో బొమ్మలు బాగా కనబడడానికి పెట్టే పలక. పెట్టిన ఫోటో కంపెనీ వాళ్ల కరపత్రంలోది. పైన ఎనిమిది జీబీ అని, కింద నాలుగు జీబీ అని ఉంది. ధర చూస్తే ఊరికే ఇస్తున్నట్టుంది. వెనుక ఫోటో సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా వారం వారం హర్రాజు ముగిసే ముందురోజు దాన్ని తీసేసి, మళ్లీ మొదటి నుంచి పెడుతున్నారు. అమ్మేవారి పేరు అమృతమ్మ.

"గిన్ని తప్పులు ఒక్క దగ్గర పెట్టాలంటె మస్తు తెలివి ఉండాలె చెల్లె" అన్నాడు దివాకర్, ఎంతో ప్రేమగా.

మొదటి ఫోన్ కరుణ నంబరు నుంచే చేశాడు. మూడోరోజు నుంచి సరిగ్గా సాయంత్రం నాలుగింటికి ఆయన షాద్‌నగర్‌కు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. చెక్క ఇవతలికి ఆయన మాటలు మాత్రమే వినిపించేవి.

"మొన్న ఒక మాట, ఇయ్యాల ఒక మాట చెప్తున్నరు. నేను అన్ని రాసుకుంటున్న."

ఇంకోరోజు: "మూడుసార్లు మోగింది ఫోన్. ఏడికి పొయ్యిన్రు? తప్పించుకుందామనుకున్నరా?"

మరో రోజు కరుణ చేతిలోని కాగితాలు కింద పడిపోయాయి. "రేపటి నుంచి నాలుగింటికి ఫోన్ పక్కకే ఉండాలె. ఎత్తకపోతె సీదా పోలీసోళ్లను మీ ఇంటికి పంపిస్త!"

కరుణ ఆగలేక మెట్టు దిగి పోయింది. "అన్నా, పేరు జూస్తె ఆమె ఎవలో పెద్దమనిషి తీరు ఉన్నది. ఇడిచిపెట్టరాదె?"

"కేసు నడుస్తాంది చెల్లె. నడుమల ఇడిచిపెడితె ఎట్ల?"

నెల రోజులు చూసింది కరుణ. ఎక్కడో ఒక ముసలామె గుమ్మంలో పోలీసు జీపు ఆగినట్టు, చుట్టుపక్కలవాళ్లు తొంగి చూస్తున్నట్టు ఆమెకు మనసులో మెదులుతూనే ఉంది. అందులో తన పాపమూ ఉంది, ఎందుకంటే మొదటి ఫోన్ తన నంబరు నుంచే పోయింది. డిసెంబరు రెండో ఆదివారం హాస్టల్లో పిల్లలను చూపించే రోజు. ఎట్లాగూ పోతోంది కాబట్టి ఆమెను కూడా కలిసి, ఈ పీడ వదిలించి రావాలని నిర్ణయించుకుంది. ఫోన్ చేసి సామాను చూడాలని చెప్పింది.

"రా బిడ్డా, రా! రైల్వే గేటు అవతల బంద్ పడ్డ నెట్ సెంటర్ అని అడుగు, ఎవలైన చెప్తరు" అంది అవతలి గొంతు. అంత సంతోషంగా పిలిచే దొంగ ఎక్కడైనా ఉంటుందా అనుకుంది కరుణ.

పరిగిలో బస్సు మారి, కూతురిని చూసి, రెండు గంటలకు అక్కడికి చేరింది. పొడుగాటి గది. పాత చీరముక్కలు కప్పుకుని ఎనిమిది కంప్యూటర్లు వరసగా ఉన్నాయి. అమృతమ్మకు అరవై అయిదు దాటి ఉంటాయి, కళ్లద్దాలకు దారం కట్టుకుంది.

"ముందు తిను. సామాను ఏడికి పోదు" అని జొన్న రొట్టె, చిక్కుడుకాయ కూర పెట్టి, తనూ పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. దుకాణం తెరిచినప్పటి నుంచి మధ్యాహ్నం ఎదురుగా మనిషి ఉండగా తినడం కరుణకు అదే మొదలు. ఇంకో రొట్టె అడిగి పెట్టించుకుంది.

తిన్నాక చేతులు జోడించి అసలు సంగతి చెప్పింది. "నేను కోస్గి నుంచి వచ్చిన అమ్మా. మిమ్మల్ని రోజు సతాయించే దివాకరన్న మా పక్క మడిగె. ఆయన మనిషి మంచోడే, గీ అనుమానమే ఆయన బీమారి. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. రేపే ఆయన ఫోన్లు బంద్ చేపిస్త. ఇనకపోతె ఆయన మీదనే ఠాణాల చెప్పొస్త."

అమృతమ్మ ముఖం తెల్లబోయింది. "అయ్యో, గంత పని చెయ్యకు బిడ్డా! నీకు పుణ్యముంటది!"

"అదేందమ్మా? పోలీసోళ్లను పంపిస్త అన్నడు గద?"

"ఒకరోజు బాత్‌రూముల జారి పడ్డ. ఫోన్ ఎత్తలె. మర్నాడు తెలిసి గిట్ల కాదన్నడు. ఎత్తకపోతె పోలీసోళ్లకు ఫోన్ చేసి, ఇంటికి పొయ్యి ఎట్లున్నదో సూడుమంట అన్నడు." కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "మా ఇంటాయన, నేను ఇరవై ఏండ్లు నడిపినం గీ సెంటర్. పరీక్షల రిజల్ట్ వచ్చిన నాడు లైన్ రోడ్డు మీదికి ఉండేది. ఆయన పోయిండు, జనం చేతుల ఫోన్లొచ్చినయి. సామాను అమ్ముదామని సక్కగ ప్రకటన పెట్టిన. ఎవ్వలు ఫోన్ చెయ్యలె. 'లాస్ట్ ఎంత' అని ఒక్క మెసేజ్, అంతే. ఒకసారి ప్రకటనల తప్పు పడ్డది. నలుగురు ఫోన్ చేసి తిట్టిన్రు. తిట్టిన్రు గని, ఫోన్ మోగింది గద బిడ్డా."

కరుణ ఆమె దగ్గరికి జరిగి కూర్చుంది.

"అప్పటి సంది కావాలనే తప్పులు పెడుతున్న. తిట్టెటోళ్లు ఒక్కసారి తిట్టి పోతరు. మీ దివాకర్ సార్ మూడో నాడు అడిగిండు. 'అమ్మా, మీకు కంప్యూటర్ మంచిగ తెలుసు. తెలిసి తప్పు పెట్టిన్రు. ఎందుకు?' అన్నడు. నేనేం చెప్పలె. 'ఇంట్ల ఇంక ఎవలున్నరు' అని అడిగిండు, ఒక్కదాన్నే అన్న. అటెన్క, 'ఇది పెద్ద కేసమ్మా, విచారణ చెయ్యాల్సి ఉంటది, రోజు నాలుగింటికి ఫోన్ చేస్త' అన్నడు. నేను సరే సార్ అన్న."

కరుణకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నెల రోజులుగా చెక్క అవతల కూర్చుని తను విన్నది సగమేనని అప్పుడర్థమైంది.

గోడ గడియారం నాలుగు కొట్టింది. అమృతమ్మ జుట్టు సవరించుకుని, కొంగు భుజం మీదికి లాక్కుని, కోర్టులో నిలబడ్డట్టు నిటారుగా కూర్చుంది. ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కింది.

"అమృతమ్మ గారేనా?"

"నేనే సార్."

"బీపీ గోలీలు ఎన్ని మిగిలినయి?"

"పదకొండు సార్."

"నా లెక్కల పది ఉండాలె. ఒకటి ఎగ్గొట్టిన్రు. రాసుకుంటున్న. ఇయ్యాల మధ్యాన్నం ఏం తిన్నరు?"

"జొన్న రొట్టె, చిక్కుడుకాయ కూర."

"నేను నమ్మ. మొన్న గిట్లనే చెప్పి చాయ్ తాగి పండుకున్నరు. తిన్నట్టు సాక్షి ఉన్నదా?"

అమృతమ్మ కరుణ వైపు చూసింది. కరుణ ఫోన్ దగ్గరికి వంగింది.

"ఉన్నది అన్నా. నేను గూడ తిన్న."

అవతల పెన్ను కింద పడ్డ చప్పుడు వినిపించింది.

"కరుణ చెల్లెనా?"

"ఆఁ."

"కేసుల బయటోళ్లు తలదూర్చొద్దు" అన్నాడు దివాకర్. ఎన్నడూ లేనిది, ఆ గొంతులో దొరికిపోయినవాడి తడబాటు ఉంది.

"దూర్చిన. ఇప్పుడేం చేస్తవ్?"

"ఏం చేస్త. సాక్షివి అయినంక తప్పదు. రేపటి సంది నాలుగింటికి నా మడిగెకు వచ్చి కూసో. నువ్వు గూడ రోజు హాజరు కావాలె."

అమృతమ్మ భయం భయంగా ఫోన్ దగ్గరికి జరిగింది. "సాక్షి దొరికింది గద సార్. ఇంక కేసు అయిపోయినట్టేనా?"

"ఏడిదమ్మా!" అన్నాడు దివాకర్. "ఇప్పుడే ఇద్దరయిన్రు. ఇంక ఏండ్లు పడతది."