వీరమ్మ పిన్ని కిటికీ

త్రిమూర్తులు బాబాయికి రావలసిన సెలవును మా ముదీర్, అంటే దుబాయ్‌లో మా మేనేజరు, తన బావమరిదికి ఇచ్చేశాడు. 2021లో, విమానాలు మళ్ళీ తిరగడం మొదలైన రోజుల్లో జరిగిందిది. పాపం, బాబాయి అప్పటికే అట్టపెట్టె సర్దుకుని, తాడు కట్టి, దాని మీద మార్కర్‌తో ఊరి పేరు కూడా రాసుకున్నాడు. "తర్వాత వెళ్దువుగాని, డ్రైవర్లు తక్కువగా ఉన్నారు" అన్నాడు ముదీర్. ఆ బావమరిది కూడా డ్రైవరే. ఆ సంగతి గుర్తుచేసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

నేనైతే ఆ రోజు బస్సు నాలుగు టైర్లలోనూ గాలి తీసి పడుకునేవాణ్ణి. బాబాయి మాత్రం ఎప్పటిలాగే బస్సెక్కి, అద్దం సరిచేసుకుని, మా వైపు తిరిగి, "అందరూ కూర్చున్నారా? ఇవాళ పాపికొండలు" అన్నాడు.

ఆయనకున్న పిచ్చి అదొక్కటే. కంపెనీ ఆయన చేతికి బస్సిచ్చి, అల్ కుసైస్ క్యాంపు నుంచి ఎమిరేట్స్ రోడ్డు అవతల ఉన్న సైటుకి మమ్మల్ని తోలుకుపొమ్మంది. ఆయన మాత్రం భార్యాబిడ్డలతో ఎప్పుడో వెళ్ళిన యాత్రలకే తోలేవాడు. అన్నవరం, భద్రాచలం, అంతర్వేది, అరకు. సెలవుకొకటి చొప్పున ఆయన జీవితం మొత్తంలో చేసినవి గుప్పెడు ప్రయాణాలు. వాటినే మా చేత కొన్ని వందల సార్లు చేయించాడు.

"దాయే తరఫ్ దేఖో భాయ్, గోదావరి!" అనేవాడు. కుడివైపు చూస్తే ఇసుక, ఆ ఇసుకలో బురద కొట్టుకుపోయిన సిమెంటు మిక్సర్లు, వాటి అవతల ఏ పనీ లేని రెండు ఒంటెలు. నేను వచ్చిన కొత్తలో, ఈయనకి వడదెబ్బ తగిలిందనుకున్నాను. వారం తిరిగేసరికి నాకూ నీళ్ళు కనిపించడం మొదలెట్టాయి. మాటలతో మనిషిని తడిపేసేవాడాయన. కొండల మధ్యకి లాంచీ వెళ్ళగానే గాలి చల్లబడిందని చెబితే, బస్సు ఏసీ చెడిపోయిన రోజుల్లో కూడా వెనక సీటు బీహారీలు తువ్వాళ్ళు కప్పుకునేవారు. ఒక కొత్త కుర్రాడు లైఫ్ జాకెట్ ఎక్కడుందని నన్ను నిజంగానే అడిగాడు.

నేను పుస్తకాల పురుగుని. చదువు మధ్యలో ఆగిపోయిన కోపంతో, దొరికిన కాగితమల్లా చదివేవాణ్ణి. అంత చదివినా, ఇసుకలో గోదావరిని పారించడం నాకు ఏ పేజీలోనూ కనబడలేదు. ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగా ఉండేది.

ప్రయాణాల నిడివి మాత్రం ట్రాఫిక్‌ని బట్టి ఉండేది. రోడ్డు ఖాళీగా ఉంటే అరకు రైలు నాలుగైదు సొరంగాలు దాటి ఊరు చేరేది. సైటు గేటు దగ్గర లారీలు అడ్డంపడ్డాయో, సొరంగాలు పుట్టుకొస్తూనే ఉండేవి. "నిన్న ఇన్ని లేవు కదా బాబాయ్?" అంటే, "నిన్న నువ్వు నిద్రపోయావురా" అనేవాడు.

అజ్మతుల్లా అని పెషావర్ వైపు పఠాన్ ఒకాయన ఉండేవాడు, వెల్డరు. తెలుగు ముక్క రాదు. కానీ పాపికొండల ప్రయాణం బాబాయి కంటే ఆయనకే బాగా వచ్చు. ఆ ప్రయాణంలో బాబాయి కొడుకు అంజిబాబు చెప్పు గోదావట్లో పడిపోతుంది. బాబాయి లాంచీ వాడితో, "కొంచెం రివర్స్ తియ్యవయ్యా" అంటాడు. లాంచీ వాడు తిట్టిన తిట్లన్నీ బాబాయి హిందీలోకి మార్చి చెప్పేవాడు. ఒకరోజు పొరపాటున చెప్పు ముందు పడేశాడు. అజ్మతుల్లా లేచి నిలబడ్డాడు.

"నహీ ఉస్తాద్. పెహలే పులిహోర, ఫిర్ చప్పల్."

"అవునవును, మాఫ్ కరో ఖాన్. ముందు పులిహోరే తిన్నాం" అని బాబాయి ఆ చెప్పుని నీళ్ళలోంచి తీసి పిల్లాడికి తొడిగి, అందరికీ పులిహోర పెట్టి, మళ్ళీ పడేశాడు.

పులిహోర సంగతి వచ్చింది కాబట్టి వీరమ్మ పిన్ని గురించి చెప్పాలి. బాబాయి భార్య. అమలాపురం అవతల వాళ్ళ ఊరు. ప్రయాణమంటే రోలు తప్ప వంటింట్లో ఉన్నదంతా మూటగట్టే మనిషి. కిటికీ పక్క సీటు కోసం కూతురు విజయదుర్గ, కొడుకు అంజిబాబు జుట్లు పట్టుకుంటుంటే, ఆవిడ ఒక చట్టం చేసింది. బస్సయినా రైలయినా, ఆ పూట ఎవరి మొహం ఎక్కువ దిగులుగా ఉంటే కిటికీ వాళ్ళదే.

"ఇంకేముంది, బస్టాండ్ రాకముందే పిల్లలిద్దరూ ఏడుపు మొదలెట్టేవాళ్ళు" అనేవాడు బాబాయి. "ఒకడు కడుపునొప్పి, ఒకత్తి తలనొప్పి. వాళ్ళని తోసేసి నేనే కూర్చునేవాణ్ణి. వారంలో దుబాయ్ ఫ్లైటు పెట్టుకున్నవాడి మొహం ముందు వాళ్ళ వేషాలేం ఆగుతాయి?"

మేం నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవాడు.

ఆవిడకి భర్త మీద ఒకే ఒక్క ఫిర్యాదు. ఎక్కడికి తీసుకెళ్ళినా నీళ్ళే. అన్నవరం వెళ్తే పంపా నది, భద్రాచలం వెళ్తే గోదావరి, అంతర్వేది వెళ్తే సముద్రమూ గోదావరీ రెండూ. ఇంటి వెనక కాలవ, ముందు బోదె. "పుట్టిందగ్గర్నుంచీ తడికాళ్ళే. ఒక్కసారి నీళ్ళు లేని చోటు చూపించండి మహాప్రభో" అందట. మన దుబాయ్ ఎడారిలో చుక్క నీరు లేదు కదా, పిలిపించి చూపిద్దామని బాబాయి అనుకున్నాడు. ఆ మాట ఇంట్లో కూర్చుని చెప్పి తీసుకురావాలని పెట్టె కట్టుకున్న సెలవే, ముదీర్ బావమరిదికి పోయింది. తర్వాత వచ్చిన సెలవు విజయదుర్గ పురిటికి సరిపోయింది.

ఆవిడ రాకపోయినా, బస్సులో ఆవిడకి సీటు మాత్రం ఉండేది. 2020లో కరోనాకి కంపెనీ వాళ్ళు సగం సీట్ల మీద ఎర్ర టేపు అడ్డంగా వేశారు. తర్వాత అన్ని టేపులూ పీకేశారు. తలుపు పక్కన, ముందు అద్దంలోంచి రోడ్డంతా కనిపించే మొదటి కిటికీ సీటుకి మాత్రం బాబాయి టేపు ఉంచేశాడు. పాతదైతే కొత్తది అంటించేవాడు. "వీరమ్మ సీటు" అనేవాడు మాతో. ఒకసారి ముదీర్ పట్టుకున్నాడు.

"యే క్యా హై?"

"కరోనా సార్."

"కరోనా ఖలాస్ హో గయా."

"ఈ ఒక్క సీటుకీ ఇంకా తగ్గలేదు సార్."

అంత కట్టుదిట్టమైన సీటులో అప్పుడప్పుడూ ఎవరో ఒకరు కూర్చునేవారు. పొద్దున్నే మేం మెట్లెక్కుతుంటే బాబాయి అద్దంలో ఒక్కొక్కరినీ చూసి, ఉన్నట్టుండి ఒకణ్ణి ఆపి, టేపు ఒక పక్క ఊడదీసి, "ఇలా కూర్చో" అనేవాడు. ఒకరోజు అజ్మతుల్లా. ఒకరోజు సిలాస్ అని మా గదిలోని మేస్త్రీ. ఇంకోరోజు పేరు కూడా తెలియని నేపాలీ. నాకు మండిపోయేది. తెలుగువాణ్ణి, బాబాయ్ బాబాయ్ అని వెనక తిరిగేవాణ్ణి, నన్ను కాదని పఠాన్‌కిస్తాడా? పెద్దవాళ్ళంతా ఇంతే అనుకున్నాను. అప్పట్లో నాకు ఏ విషయమైనా అక్కడికే వచ్చి ఆగేది.

చివరికి ఒకనాడు నన్నూ పిలిచాడు. ఓపెన్ ఇంటర్ రెండోసారి కూడా పోయిందని ముందురోజే ఫోన్లో చూసుకున్నాను. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. 'పోనీ, ఇవాళ్టికి నా వంతు వచ్చింది' అనుకుని దర్జాగా కూర్చున్నాను. ఆ రోజు రోడ్డు ఖాళీ. అయినా అరకు సొరంగాలు లెక్కకి మించి వచ్చాయి. ఒక్కో సొరంగం అవతలా ఒక్కో లోయ. దిగేటప్పటికి ఇంటర్ సంగతే మర్చిపోయాను.

2024 ఏప్రిల్‌లో ఎట్టకేలకు వీరమ్మ పిన్ని విజిట్ వీసా మీద దిగింది. క్యాంపులో ఆడవాళ్ళని ఉండనివ్వరు కాబట్టి, దగ్గర్లో ఫ్లాటున్న పరిమళ అనే నర్సు ఇంట్లో ఉంచాడు. వాళ్ళది నర్సాపురం. బాబాయి రెండు వారాల ముందు నుంచే ఎడారి ప్రయాణానికి తయారయ్యాడు. బస్సులో గోదావరి బందైపోయింది. "మీ పిన్ని కళ్ళు తిరిగిపోవాలిరా. ఎటు చూసినా ఇసుకే. ఆయ్, చుక్క నీరు కనిపిస్తే నన్నడుగు."

ఎడారికి వెళ్ళాల్సిన రోజుకి ముందురోజు వాన మొదలైంది. ఈ దేశంలో అంతటి వాన మా క్యాంపులో పాతికేళ్ళుగా ఉన్నవాళ్ళు కూడా ఎరగరు. పట్టపగలు ఆకాశం ఆకుపచ్చగా మారి, ఒక్కసారి ఊడిపడింది. తెల్లారేసరికి రోడ్లు కాలవలైపోయాయి. కార్లు తేలుతున్నాయి. మా గది కింది అంతస్తు, మోకాల్లోతు నీళ్ళు. నా మంచం కింద అట్టపెట్టెలో ఉన్న పుస్తకాలన్నీ నానిపోయి ముద్దయ్యాయి. ఈ దేశంలో నాది అనేది అదొక్కటే. దాన్ని కౌగిలించుకుని క్యాంపు గుమ్మంలో నిలబడ్డాను.

మమ్మల్ని వేరే బిల్డింగుకి మార్చమని కంపెనీ చెప్పింది. బాబాయి బస్సు పెద్ద లాంచీలా నీళ్ళు కోసుకుంటూ వచ్చింది. అందరం మూటలతో ఎక్కాం. కొంచెం దూరం వెళ్ళాక బస్సు ఆగింది. పరిమళ గారు యూనిఫాం వేసుకుని వాళ్ళ బిల్డింగు మెట్ల మీద నిలబడి ఉంది. హాస్పిటల్ డ్యూటీకి వెళ్ళాలి, టాక్సీ ఒక్కటీ లేదు. వాళ్ళ బిల్డింగులో కరెంటు పోయింది. ఆవిడ వెనకే, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చేతిలో స్టీలు క్యారియరుతో వీరమ్మ పిన్ని.

పిన్ని బస్సు మెట్టెక్కి, వెనక్కి తిరిగి వీధినంతా చూసింది.

"ఏవండీ, ఇదేనా మీ ఎడారి?"

"నిన్నటిదాకా ఇదేనే వీరమ్మా."

"మన కాలవగట్టే నయం కదండీ, చెప్పులతో నడవొచ్చు. మీతో వస్తే ఎడారిలోనూ వరదే."

బస్సంతా గొల్లుమంది. అజ్మతుల్లా లేచి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"భాభీజీ, వో చప్పల్ మిలా?"

ఆ చెప్పు దొరికిందా అంటున్నాడని బాబాయి చెప్పగానే పిన్ని తెల్లబోయింది. "మన అంజిగాడి చెప్పు సంగతి ఈయనకెలా తెలుసండీ?"

బాబాయి టేపు మొత్తం పీకేశాడు. చేత్తో సీటు దులిపాడు. వెనక సీట్లవాళ్ళు లేచి నిలబడి మెడలు సాచారు. ఆ సీటులో ఆవిడ కూర్చోవడం చూడాలని మా అందరికీ ఎంత ఉందో నాకప్పుడే తెలిసింది. పిన్ని కూర్చుంది. క్యారియరు ఒళ్ళో పెట్టుకుంది. కిటికీలోంచి బయటికి చూడకుండా లోపలికి తిరిగి, మా మొహాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"ఇదిగో అబ్బాయ్, ఇలా వచ్చి కూర్చో."

"వద్దు పిన్నీ. ఆ సీటు మీ కోసమే. బాబాయి ఎన్నాళ్ళ నుంచో టేపు వేసి..."

"నాకేం, నవ్వుతూనే ఉన్నానుగా. మా ఇంట్లో కిటికీ దిగులు మొహానికే. మీ బాబాయి చెప్పలేదా?"

చెప్పాడు. వందసార్లు చెప్పాడు. నాకే ఎక్కలేదు. అజ్మతుల్లా ఆ సీటులో కూర్చున్నది వాళ్ళమ్మ పోయిన కబురు వచ్చిన మర్నాడు. సిలాస్ కూర్చున్నది చెల్లెలి పెళ్ళి ఫోన్లో చూసి వచ్చిన పొద్దున. ఒక్కరు కూడా బాబాయికి ఏమీ చెప్పలేదు. ఆయన అద్దంలో మొహాలు చూసుకునేవాడు, అంతే. నేనేమో సీటు కోసం అన్నాళ్ళూ కుళ్ళిపోయాను. వెళ్ళి కూర్చున్నాను. పిన్ని నా పక్కన సర్దుకుంది.

పెట్టె తెరిచి చూసి, "ఆరేస్తే బతుకుతాయి ఇవి" అంది. ఎండుచేపలు పరిచినట్టు పుస్తకాలు విప్పి, ముందు అద్దం కింద వరసగా పేర్చింది. మిగిలినవి వెనక్కి అందించింది. అందరూ తలా ఒకటి పట్టుకుని ఏసీ గాలికి ఎదురుగా పేజీలు విప్పి కూర్చున్నారు. అజ్మతుల్లా తెలుగు పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని, ఎంతో శ్రద్ధగా ఒక్కో పేజీ తిప్పుతున్నాడు.

రెండువైపులా మైలు పొడవునా నీళ్ళు. అలలు తలుపుకి కొట్టుకుంటున్నాయి. బాబాయి నోరు విప్పడం లేదు.

"ఇవాళేం చెప్పరేంటండీ?" అంది పిన్ని.

"అన్నీ కనిపిస్తుంటే చెప్పడానికేముందే" అన్నాడు.

ఇక ఆవిడే క్యారియరు మూత తీసింది. "అయితే నేను చెబుతాను. ఆ రోజు పాపికొండల్లో ముందు పులిహోర తిన్నాం..." అజ్మతుల్లా పేజీ తిప్పడం ఆపి, బాబాయి వైపు చూసి, తలాడించాడు.

ఎడారికి తర్వాతి సెలవు రోజున వెళ్ళారట. ఇసుక తిన్నెల మధ్య చెరువులు నిలిచి, పిల్లలు ఈదుతున్నారట. పిన్ని ఒడ్డున కూర్చుని నవ్వీ నవ్వీ అలిసిపోయి, మళ్ళీ తడికాళ్ళతోనే ఫ్లైటెక్కింది.

పోయిన ఏడాది నాకు దూరంగా రువైస్ అనే ఊళ్ళో పని దొరికింది. నేను బయల్దేరే రోజు క్యాంపు ముందు బాబాయి బస్సు ఆపి దిగాడు. సీటు మీద కొత్త టేపు మెరుస్తోంది. ఆయన తల ఇంకా నెరిసింది. నా చేతిలో చేతులేసి, చుట్టూ చూసి, రహస్యం అడిగినట్టు అడిగాడు.

"రువైస్‌లో నీళ్ళున్నాయంట్రా?"

"ఊరే సముద్రం ఒడ్డున ఉంది బాబాయ్. అవతల వైపంతా ఎడారే."

ఆయన నా పుస్తకాల పెట్టె అందుకున్నాడు.

"సరే అయితే. మీ పిన్నిని మళ్ళీ రప్పిస్తా, అక్కడి బస్సులో ఎడారి వైపు కిటికీ ఒకటి పట్టి ఉంచు. అందాకా దిగులుగా ఉన్న వాళ్ళెవరైనా ఎక్కితే కూర్చోబెట్టు. మీ పిన్ని మొహం సముద్రం వైపు తిరగకుండా చూసుకునే పూచీ నాది."