అత్తయ్య వంతు వేణ్ణీళ్లు

మా నాన్న కోపిష్టి అని చుట్టాలంతా చెప్పుకునేవాళ్లు. ఆ కోపం నాకొచ్చిందని మాత్రం ఎవరూ అనలేదు. మగవాడికుంటే కోపం, ఆడపిల్లకుంటే పొగరు. సరే, పొగరే అనుకుందాం. నాకది పుష్కలంగా ఉండేది, ఇప్పటికీ ఉంది. జీవితంలో ఒక్కసారి అది నా మీదికే తిరిగింది, మా ఇంటి రాగి బాయిలర్ పాడైన చలికాలంలో.

అరవై తొమ్మిదిలో మేం చిక్కడపల్లిలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. రాజధాని కర్నూలు నుంచి మారినప్పుడు దాని వెంట వచ్చిన గుమస్తాల్లో నాన్న ఒకరు. ఇంట్లో ఐదుగురం: నాన్న, అమ్మ, బ్యాంకులో కొత్తగా చేరిన అన్నయ్య, కోఠీలో కాలేజీ చదువుతున్న నేను, నాన్న చెల్లెలు అత్తయ్య. అత్తయ్యకి పదిహేనో ఏట భర్త పోయాడు. అప్పటినుంచీ అన్నగారి ఇల్లే ఆవిడ ఇల్లు. ఆ ఏడాదికి ఆవిడకి యాభై దాటాయి.

స్నానాల గది పెరట్లో విడిగా ఉండేది. అందులో బాయిలరు. నడుమెత్తు రాగి పీపా, మధ్యలో పైనుంచి కిందిదాకా గొట్టం. గొట్టంలో చితుకులు, బొగ్గులు వేసి అంటిస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. పక్కన కుళాయి తిప్పి బకెట్లోకి పట్టుకోవాలి. ఒకరి స్నానం అయ్యాక పైనుంచి రెండు బిందెల చన్నీళ్లు పోస్తే తర్వాతివాళ్లకి కాగుతాయి. తెల్లవారకముందే లేచి బూడిద తీసి, నిప్పు రాజేసి, ఆ బిందెలు మోసి పోసేది అత్తయ్యే. ముందు నాన్న, తర్వాత అన్నయ్య, ఆ తర్వాత అమ్మ, చివర నేను. నా వంతు వచ్చేసరికి అత్తయ్య పూజగిన్నెలు ముందేసుకుని బయట కుళాయి దగ్గర కూర్చునేది. నా స్నానం గంటసేపు. మోకాళ్ల దాకా జుట్టుండేది, రెండు బకెట్లు లేకపోతే తడిసేది కాదు.

అందరిదీ అయ్యాక మసీ బూడిదా కడుక్కోవడానికి అత్తయ్య వెళ్లేది. చన్నీళ్లతో. పుష్యమాసమైనా సరే, చన్నీళ్లే. అది ఆవిడ నియమమని మాకు చిన్నప్పటినుంచీ చెప్పారు. ఇంటికొచ్చిన వాళ్లకి నాన్న గర్వంగా చెప్పేవారు, "మా చెల్లెలు నిష్ఠాపరురాలండీ, ఇన్నేళ్లలో ఒక్కపూట వేణ్ణీళ్లు ముట్టలేదు" అని. వాళ్లు చేతులు జోడించేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. భర్త పోయిన ఆడదానికి వేణ్ణీళ్లు కూడా కాకుండా పోవాలా? ఏ శాస్త్రంలో రాశారు? ఈ ప్రశ్న నాన్నని ముఖం మీదే అడిగి తిట్లు తిన్నాను. కాలేజీలో స్నేహితురాళ్లకి ఆవేశంగా ఉపన్యాసాలిచ్చాను. అత్తయ్య తరఫున ఈ భూమ్మీద పోట్లాడేది నేనొక్కదాన్నే అని నాకు గట్టి నమ్మకం.

ఆ ఏడు ఆవిడ చేతివేళ్లు వాచి వంకరపోవడం మొదలైంది. హిమాయత్‌నగర్‌లో డాక్టరు చూసి, చన్నీళ్లు ముట్టొద్దు, స్నానం వేణ్ణీళ్లతోనే చెయ్యాలి, లేకపోతే కొన్నాళ్లకి చెంబు కూడా పట్టుకోలేరు అన్నాడు. ఆ సాయంత్రం అత్తయ్య వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "వదినా, రేపటినుంచి నాక్కూడా ఇంకాసిని బొగ్గులు వెయ్యనా?" అని మెల్లిగా అడిగింది. అమ్మ జవాబు చెప్పేలోపే నాన్న ముందుగదిలోంచి, "ఇంత వయసొచ్చాక నియమం తప్పడమేంటమ్మాయ్? వేళ్లకి ఏదైనా తైలం రాసుకో" అన్నారు. అత్తయ్య గుమ్మం దిగి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ తరఫున నేను మాట్లాడాను, చాలా మాట్లాడాను. ఆ రాత్రి నాకు అన్నం పెట్టొద్దన్నారు నాన్న. పెట్టినా తినేదాన్ని కాదు.

వారం తిరక్కుండానే బాయిలర్ కారడం మొదలుపెట్టింది. గొట్టంలోకి నీళ్లు దిగి నిప్పు ఆరిపోయేది, గది నిండా పొగ. నాన్న ఒక మాట్లువేసే మనిషిని ఇంటికి పిలిపించారు. "సగానికి పైన పోస్తేనే కారుతోంది అన్నయ్యా, అతుకు మధ్యలో పోయింది" అని అత్తయ్య చెబుతూనే ఉంది. "నీకేం తెలుసు, నీళ్లు కిందినుంచి కాక పైనుంచి కారతాయా?" అని నాన్న ఆ మనిషి చేత అడుగున మాటు వేయించారు. మర్నాడు మళ్లీ అదే పొగ.

అప్పుడు చూడాలి మా ఇంట్లో మగవాళ్ల నిష్ఠ! అన్నయ్య రెండు చెంబులు పోసుకుని కేకలు పెడుతూ బయటికి పరుగెత్తాడు. మర్నాటినుంచి ముఖం మాత్రం కడుక్కుని పౌడరు రాసుకుని బ్యాంకుకి వెళ్లాడు. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్లి, బకెట్లో వేలు ముంచి, కాసేపు ఆకాశం చూసి, నెత్తిన మూడు చుక్కలు చల్లుకుని లోపలికి వచ్చేశారు. "ఒంట్లో నలతగా ఉన్నప్పుడు మంత్రస్నానం చాలు, అది కూడా శాస్త్రమే" అన్నారు. మూడు రోజులు వరుసగా నలత. ఆ మూడు రోజులూ అత్తయ్య ఎప్పటిలాగే చన్నీళ్లు పోసుకుంది. మూడోనాడు ఆవిడ గుంజకి ఆనుకుని, చుక్కలు చల్లుకుంటున్న అన్నగారిని చాలాసేపు చూడటం నేను గమనించాను.

ఆ సాయంత్రమే నాన్న ప్రకటించారు. పాతరాగికి ఈ బాయిలర్ ఇచ్చేసి కరెంటుతో నీళ్లు కాచే గీజరు తెస్తారట. చిన్నదే, కానీ మన నలుగురికీ సరిపోతుందట.

"నలుగురికా?" అన్నాను. "ఇంట్లో ఐదుగురం నాన్నా."

"అత్తయ్యకి నియమం ఉందిగా."

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య లేచి వచ్చింది. ఆవిడ ముందుగదిలోకి రావడమే అరుదు. "బాయిలర్ అమ్మడానికి వీల్లేదన్నయ్యా. రేపు నేను పట్టుకెళ్లి బాగు చేయించుకొస్తాను" అంది.

నాన్న నవ్వారు. ఆపైన నవ్వడం మానేశారు. "బయట పరిస్థితి తెలుసా నీకు? మన మాట రెండు ముక్కలు వింటే చాలు, ఎక్కడివాళ్లమో పట్టేస్తారు. గొడవలు జరుగుతుంటే రాగి పీపా వేసుకుని నువ్వు బజారుకెళ్తావా?"

"వెళ్తాను. పిల్ల తోడొస్తుంది" అంది అత్తయ్య. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

గొడవల మాట నిజమే, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులవి. కాలేజీ తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. అందుకే నేను ఇంట్లో ఉన్నాను. మర్నాడు పొద్దున్నే రిక్షా పిలిచి, బాయిలర్ని మా ఇద్దరి కాళ్ల మధ్య నిలబెట్టి, చెరోవైపు కడియాలు పట్టుకుని నారాయణగూడ వైపు బయల్దేరాం. నాన్న వీధి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. అత్తయ్య వెనక్కి తిరగలేదు. నేను మాత్రం తిరిగి తృప్తిగా చూశాను.

రాగి పని చేసే ఆయన దుకాణం ఒక సందులో ఉండేది. గడ్డం నెరిసినాయన, మాట తక్కువ. బాయిలర్ని దించగానే అత్తయ్య కొంగుముడిలోంచి సుద్దముక్క తీసి, గొట్టం లోపలికి చెయ్యి పెట్టి గుర్తు గీసింది. "ఇక్కడండీ. అడుగున కాదు" అంది. ఆయన ఒక కన్ను మూసి లోపలికి చూశాడు, నీళ్లు పోసి చూశాడు.

"సరిగ్గ జెప్పినవమ్మా" అన్నాడు. తర్వాత తలెత్తి, "మీరు ఆ దిక్కోళ్లా?" అని అడిగాడు.

నేను అత్తయ్య కొంగు పట్టి లాగాను. అత్తయ్య, "అవునండీ" అంది.

ఆయన బాయిలర్ని తట్టి, "ఈ హమామ్ గూడ ఆ దిక్కుదే. పనితనం మంచిగున్నది. గిట్ల ఖరాబ్ జేసుకుంటరా ఎవలన్న?" అంటూ అతుకు మీద వేలు పెట్టి నాకు చూపించాడు. సీసంలాంటి ముద్ద కరిగి, కారి, గడ్డకట్టి ఉంది. "నిప్పు ఉండంగనే నీళ్లన్ని తీసేస్తే గొట్టం ఎండిపోయి మాటు కరుగుతది. ఒక్కనాటి పని గాదు ఇది, రోజూ జేస్తున్నరు. మీ ఇంట్ల ఆఖర్ల తానం జేసేది ఎవరు?"

"నేనేనండీ" అంది అత్తయ్య వెంటనే. "ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను."

ఆవిడ చన్నీళ్ల మనిషి. కుళాయి తిప్పే పనే లేదు ఆవిడకి. ఆ బాయిలర్లోంచి చివరి చుక్కదాకా పట్టుకునేది నేను. రెండో బకెట్ నిండాక ధార సన్నబడి ఆగిపోయేది, పైనుంచి పొయ్యాలన్న ఆలోచన నాకెన్నడూ రాలేదు. కింద నిప్పు కణకణలాడుతూ ఉండేది. నేను తల రుద్దుకుంటూ కూర్చునేదాన్ని. ఆ ముసలాయన ముందు నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. నాన్నతో అంతంత మాట్లాడే నోరు!

ఆయన పాత మాటు గీకి కొత్తది వేసి, లోపల కళాయి పూసి ఇచ్చేసరికి మధ్యాహ్నమైంది. తిరుగు రిక్షాలో "ఆ తప్పు నీదని ఎందుకు చెప్పావత్తయ్యా?" అని నేనే అడిగాను. "పైవాళ్ల ముందు నీ పరువెందుకు తియ్యాలి, అమ్మడూ?" అంది. అంతే.

మర్నాడు ఆదివారం. మంత్రస్నానాలతో విసిగిపోయిన నాన్న తెల్లవారుతూనే తువ్వాలు వేసుకుని పెరట్లోకి వచ్చారు. బాయిలర్ లోపల గుబగుబలాడుతోంది. స్నానాలగది తలుపు గడియపెట్టి ఉంది. లోపల ఎవరని నన్ను అడిగారు.

"అత్తయ్య."

"అదేంటి? బూడిద తీస్తోందా?"

లోపలినుంచి ధారగా నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. తలుపు కింది సందులోంచి ఆవిరి బయటికొస్తోంది. నాన్నకి అర్థమైంది. "ఏమ్మాయ్! ముప్పై అయిదేళ్ల నియమం! ఒక్కనాడు మంటగలుపుతున్నావా?" అని అరిచారు.

చెంబు చప్పుడు ఆగింది. అత్తయ్య గొంతు తాపీగా వచ్చింది. "ఏ నియమం అన్నయ్యా? నేనెప్పుడు పట్టాను?"

నాన్న తలుపుకి ఇంకాస్త దగ్గరగా వెళ్లారు.

"మన ఇంటికి తిరిగొచ్చిన ఏడాది, అందరి స్నానాలూ అయ్యాక చూస్తే బాయిలర్లో నీళ్లు లేవు, నిప్పు లేదు. అడగడానికి మొహం చెల్లక చన్నీళ్లు పోసుకున్నాను. మర్నాడూ లేవు. అప్పుడు అమ్మ చివర, తర్వాత వదిన చివర. ఎవరూ ఒక బిందె పోసి రాలేదు. నాలుగేళ్లు పోయాక నువ్వే ఎవరితోనో అన్నావు, మా చెల్లెలికి నియమం అని. అలా అన్నాక ఇంక వేణ్ణీళ్లు ఎలా అడగను? నాకు మిగల్లేదు అన్నయ్యా. అంతే. రోజూ నీళ్లు కాచేదాన్ని నేను, ఇకమీదట ముందు పోసుకునేదీ నేనే. చలేస్తే నువ్వు చుక్కలు చల్లుకో."

మళ్లీ చెంబు చప్పుడు మొదలైంది.

నాన్న నా వైపు తిరిగారు. ఇంట్లో ఇలాంటి మాటలు నేర్పేది నేనేనని ఆయన నమ్మకం. "విన్నావా? దీనికంతటికీ నువ్వు కారణం!" అన్నారు.

ఇంకో రోజైతే ఆ మాటకి రొమ్ము విరుచుకునేదాన్ని. "అవును నాన్నా, నేనే కారణం" అన్నాను. "అమ్మ తర్వాత చివర పోసుకునేది నేను. బాయిలర్ మాటు కరిగింది నా వల్లే. ఐదేళ్లుగా ఆవిడ వంతు నీళ్లు నా జుట్టుకి పోసుకున్నాను. మీ నియమాన్ని తిడుతూ, రోజూ, రెండు బకెట్లు."